బుగ్గల తుపాకి

కాటారం నుంచి వచ్చిన గోనెసంచిని వానకాలం మొత్తం ఎవరూ విప్పలేదు. ఇంటి వెనక రేకుల కింద, మూతికి కట్టిన తాడుతో సహా అలాగే పడి ఉంది. అందులో ఏముందో ఇంట్లో అందరికీ తెలుసు. బెలూన్లు తగిలించే చెక్క, మడత పెట్టిన టార్పాలిన్, గెలిచినవాళ్లకు ఇచ్చే బొమ్మలు కొన్ని, స్టీలు గ్లాసులు కొన్ని, గాలి తుపాకి.

కాళేశ్వరం పుష్కరాల్లో దుకాణం పెట్టి తిరిగి వస్తుండగా, కాటారం దాటాక అడవి మలుపులో ట్రాలీ ఆటో బోల్తా పడి అబ్రార్ చనిపోయాడు. భూపాలపల్లి దవాఖానలో శవాన్ని అప్పగించిన రోజే పోలీసులు ఆ సంచినీ అప్పగించారు. ఒక కుర్ర కానిస్టేబులు తుపాకిని అటూ ఇటూ తిప్పి, "దీనికి లైసెన్స్ ఏది?" అని అడిగాడు. పక్కనున్న పెద్దాయన, "అది బుగ్గల తుపాకిరా, ఇచ్చెయ్" అన్నాడు. బాబామియా సంతకం పెట్టి కొడుకునూ సంచినీ తీసుకుని మానుకోటకు వచ్చాడు.

చలి తగ్గి మామిళ్లు పూతకు వచ్చేసరికి కురవి జాతర మాట వచ్చింది. శివరాత్రికి అక్కడ వీరభద్రస్వామి జాతర జరుగుతుంది. బాబామియా తన పెళ్లికి ముందు నుంచే అక్కడ బుగ్గల దుకాణం, అంటే తుపాకితో బెలూన్లు కొట్టించే దుకాణం, పెట్టేవాడు. మోకాళ్లు మొరాయించాక దాన్ని కొడుకు చేతికి ఇచ్చాడు. ఇప్పుడు అది తిరిగి ఆయన ముందుకే వచ్చింది.

"ఈసారి దుకాణం నేను పెడ్త అబ్బా," అన్నది కోడలు సమ్రీన్ ఒక పొద్దున, చాయ్ గ్లాసు చేతికిస్తూ. "మీరు ఎనక కుర్చీల కూసోండ్రి, సాలు. నిలబడేది నేను నిలబడ్త."

వాళ్లు ఇంట్లో మాట్లాడుకునేది దఖ్నీ. దుకాణం మాట వస్తే మాత్రం తెలియకుండానే తెలుగులోకి వచ్చేవాళ్లు. జాతర్లలో ఏళ్ల తరబడి అరిచి అరిచి ఆ పనికి వాళ్లకు తెలుగే భాష అయిపోయింది.

"జాతరంటే ఏమనుకున్నవ్ బేటీ? తాగొచ్చేటోళ్లు వస్తరు, లొల్లి పెట్టేటోళ్లు వస్తరు."

"జాకెట్లు కుట్టిచ్చుకునేటోళ్లు మాత్రం తక్కువ లొల్లి పెడ్తరా?"

వంటింట్లోంచి బాబామియా భార్య షహనాజ్ బేగం చిన్నగా నవ్వింది. కొడుకు పోయాక ఆ ఇంట్లో వినబడిన మొదటి నవ్వు అది. ఆ నవ్వుకు బాబామియా మెత్తబడ్డాడు. భర్త పోయాక పాటించే ఇద్దత్ గడువు ముగిసినప్పటి నుంచి సమ్రీన్ పొద్దంతా కుట్టు మిషను మీదే ఉంటోంది. ఆ కుట్టుడు మీద నలుగురు బతకలేరని ఆయనకూ తెలుసు. మనవరాలు ఇరం ఈ ఏడే బడికి పోతున్నది.

"సరే," అన్నాడు. "ఒక్క మాట మాత్రం. తుపాకి నా పద్ధతిల ఉంటది. దుకాణం వాడు నడిపినట్టు నడువది."

సమ్రీన్ ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆయన అన్న పద్ధతి ఏమిటో ఇంట్లో వాళ్లకు తెలుసు. జనగామ స్టేషను రోడ్డులో ఒకప్పుడు కైసర్ ఉస్తాద్ అని ఒకాయన ఉండేవాడు. తాళాలు, కుట్టు మిషన్లు, గాలి తుపాకులు బాగుచేసేవాడు. వయసులో ఉండగా బాబామియా ఆయన దగ్గర పనిచేసి ఒక విద్య నేర్చుకున్నాడు. తుపాకికి భుజానికి ఆనించుకునే కర్రను కుందా అంటారు. ఇనుప గొట్టం కూర్చోవడానికి దాని లోపల పొడుగ్గా ఒక గాడి ఉంటుంది. ఆ గాడిలో, ముందు మర దగ్గర, గోరంత కర్రను చెక్కి తీసేయాలి. పైకి ఏమీ కనిపించదు. గురి చూసే ముల్లు సూటిగానే ఉంటుంది. అనుమానం వచ్చినవాడు కన్ను చికిలించి ఎంతసేపు చూసినా వంక పెట్టలేడు. కానీ మీట నొక్కగానే గొట్టం లోపల వెంట్రుకవాసి కదులుతుంది. ఛర్రా అనే సీసపు గుండు ఒకసారి బెలూనుకు కుడి పక్క చెక్కలో దిగుతుంది, ఇంకోసారి ఎడమ పక్క. ఉస్తాద్ దాన్ని జాగా అనేవాడు. జాగా ఎక్కువైతే జనం పసిగడతారు, తక్కువైతే బొమ్మలన్నీ పోతాయి. ఎంత తీయాలో అంతే తీయడంలో ఉంది పనితనం. బాబామియా తీసిన జాగాను వేలితో తడిమి చూసి ఉస్తాద్ ఆయన వీపు తట్టాడు. ఆ ముచ్చట ఆయన ఇప్పటికీ చెప్పుకుంటాడు.

దుకాణం అప్పగించిన రోజు కొడుక్కి ఆ జాగా చూపించి, "దీన్ని ముట్టకు. దీని మీదనే మన పొయ్యి మండుతది" అన్నాడు. అబ్రార్ సరేనన్నట్టు తల ఊపాడు.

కానీ అబ్రార్ దుకాణంలో బొమ్మలు నిలిచేవి కావు. కురవికి పోయినా, పాలకుర్తికి పోయినా, బయ్యారం దిక్కు పోయినా నిండుగా వెళ్లిన సంచి చప్పబడి తిరిగొచ్చేది. జాతర్లలో పక్కనే ఆటబొమ్మలు అమ్మే యాకయ్య, "నీ కొడుకు పెట్టింది దుకాణం కాదు మియా, ధర్మసత్రం" అని నవ్వేవాడు. ఆ నవ్వు బాబామియాకు ముల్లులా గుచ్చుకునేది. పిల్లవాడిది మెత్తటి మనసు, ఎవరు ఏడిస్తే వాళ్లకు, ఎవరు బతిమాలితే వాళ్లకు తీసి ఇస్తున్నాడని ఆయన తీర్మానించుకున్నాడు. ప్రతి జాతర తర్వాతా ఇంట్లో గొడవే. అబ్రార్ ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేవాడు. "గెలుచుకున్నరబ్బా. అందుకే ఇచ్చిన."

తండ్రికి అది తలబిరుసు మాటగా వినబడేది. పుష్కరాలకు వెళ్లే ముందు కూడా అదే గొడవ. "నువ్వు దుకాణం నడుపుతలేవురా, ఖైరాత్ పంచుతున్నవ్" అని ఆయన అరిచాడు. కొడుకు పళ్లెం ముందు నుంచి లేచి, చేయి కడుక్కుని, సామాను ఆటోలో వేసుకుని వెళ్లిపోయాడు.

చనిపోయినవాడి మీద కోపం ఉంచుకోకూడదని బాబామియాకు తెలుసు. మసీదులో నమాజు అయ్యాక కొడుకు కోసం చేతులు ఎత్తేవాడు. నోట్లో దువా మొదలయ్యేది, మనసులో ఆ గొడవ మొదలయ్యేది. వాడి మాటకు అప్పుడు తోచని జవాబు, ఇంకా గట్టి జవాబు, ఇప్పుడు తోచేది. దువా మధ్యలోనే ఆగిపోయేది. చేతులు దించుకుని బయటికి వచ్చేవాడు. కన్న కొడుకు కోసం ఒక్క దువా కూడా చివరిదాకా చేయలేకపోతున్నానని ఆయన షహనాజ్‌కు కూడా చెప్పలేదు.

సంచి విప్పిన రోజు షహనాజ్ బేగం వంటింట్లోంచి బయటికి రాలేదు. తుపాకి ఇనుము తుప్పు పట్టిందే తప్ప చెడిపోలేదు. దెబ్బ తిన్నదల్లా కుందా. ఎడమ వైపు, చెంప ఆనే చోటు నుంచి చివరి దాకా, రోడ్డు మీద ఈడ్చుకుపోయిన గీరుడు. కింద రెండు మూడు సొట్టలు. వానకాలపు చెమ్మకు పాత వార్నిషు బూజులా తెల్లబడింది.

మరలు తుప్పుకు బిగుసుకుపోయి ఉన్నాయి. వాటి మీద కిరసనాయిలు చుక్కలు వేసి నానబెట్టాడు. ఈలోపు తుపాకిని ఒళ్లో పెట్టుకుని, కళ్లద్దాలు సర్దుకుని, దబ్బనంతో గీరుడును శుభ్రం చేయడం మొదలుపెట్టాడు. కర్రలో నల్లగా ఏవో దిగి ఉన్నాయి. ఒకదాన్ని పైకి తీసి వేలి మీద పెట్టుకుని చూశాడు. తారు అంటిన కంకర పలుకు. ఇంకోటి తీశాడు. అదీ అంతే.

ఎప్పుడు వచ్చిందో షహనాజ్ పక్కన నిలబడి ఉంది.

"ఏందవి?"

"రోడ్డు," అన్నాడు బాబామియా.

ఆమె అరచేయి చాపింది. ఆయన ఆ పలుకులను అందులో వేశాడు. ఆమె కాసేపు వాటిని చూసి, గట్టు దాకా వెళ్లి, గోడ అవతల పడేసి, చేయి కొంగుకు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం యాకయ్య వచ్చాడు. అరుగు మీద కూర్చుని తుపాకిని చూసి నాలుక చప్పరించాడు.

"ఎందుకు మియా గింత తకలీఫ్? వరంగల్ల ప్లాస్టిక్ కుందాది కొత్తది దొరుకుతది కదా."

"జిట్రేగి కర్ర ఇది. మా ఉస్తాద్ చేసిచ్చింది."

"జిట్రేగా? ఇప్పుడు గది అడవిల నరికితే ఫారెస్టోళ్లు మనల్ని నరుకుతరు. మరి దీనికేం పూస్తవ్, వార్నిషా?"

"అవిసె నూనె."

"కొబ్బరినూనె పూయరాదు? ఎంట్రుకలన్న మొలుస్తయ్."

బాబామియా నవ్వలేదు కానీ మూతి కొంచెం సడలింది. యాకయ్య మాటను ఇంకొంచెం లాగాడు. "అయినా ఈసారి నువ్వుంటవ్ కాబట్టి ఫికర్ లేదు. ధర్మసత్రం బందు. నా బొమ్మలు నాకాడ అమ్ముడువోతయ్, నీయి ఉత్తగ పోవు."

లోపల కుట్టు మిషను చప్పుడు ఆగిపోయింది. యాకయ్యకు అది వినబడి, నాలుక కరుచుకుని, చాయ్ తాగకుండానే లేచాడు.

మర్నాడు సొట్టల పని. తడిగుడ్డను మడిచి సొట్ట మీద వేసి, వేడి ఇస్త్రీపెట్టెను దాని మీద ఒక్క క్షణం ఆనించి తీయాలి. ఆవిరికి అణిగిన కర్ర ఉబ్బి పైకి వస్తుంది. సమ్రీన్ ఇస్త్రీపెట్టె వేడి చేసి తెచ్చింది. గుడ్డ చుయ్యిమన్నది. తీసి చూస్తే సొట్ట సగం పూడింది. ఇంకోసారి పెట్టి తీస్తే వేలికి కూడా తగల్లేదు.

"గీరుకపోయింది గిట్ల లేస్తదా అబ్బా?" అని అడిగింది సమ్రీన్.

"లేవది. అణిగింది లేస్తది. తెగింది లేవది. దాన్ని రుద్ది సమం చెయ్యాలె."

ఆయన మరల మీది కిరసనాయిలు తుడిచి స్క్రూడ్రైవరు అందుకోగానే సమ్రీన్, "ఇనుం ఇప్పకుంట పైపైన రుద్దరాదూ?" అన్నది.

"పైపైన రుద్దితే పొడంత స్ప్రింగుల పడ్తది. తుపాకే పోతది."

"గుడ్డ చుట్టి రుద్దుండ్రి."

"నువ్వు నాకు పని చెప్తున్నవా బేటీ?" అన్నాడు. కోపంగా కాదు, ఆశ్చర్యంగా. ఆమె అక్కడే నిలబడింది. ఇస్త్రీపెట్టె తీసుకుపోవాలన్న సంగతి కూడా మరిచిపోయింది.

మరలు ఒక్కొక్కటే మూలిగి తిరిగాయి. గొట్టాన్ని రెండు చేతులతో పట్టి పైకి లాగాడు. మామూలుగా అది సులువుగా రావాలి. రాలేదు. గట్టిగా పట్టుకుని ఉంది. అటూ ఇటూ ఊపి లాగితే ఒక్కసారిగా ఊడి వచ్చింది. కుందాను వెలుతురులోకి తిప్పి గాడిలోకి చూశాడు.

జాగా లేదు.

ఆయన చెక్కిన చోట తోలు ఉంది. పొరల మీద పొరలుగా, అంచులు పలచగా చెక్కి, జిగురు సొల్యూషన్ పెట్టి, గొట్టం ఎంత బిగువుగా కూర్చోవాలో అంత బిగువుగా నింపిన తోలు. ఒక మూల మాత్రం దెబ్బకు చినిగి లేచి ఉంది. బాబామియా బొటనవేలితో దాన్ని తడిమాడు. ఆ తోలును ఆయన గుర్తుపట్టాడు. తన పాత సైకిలు సీటుది. సీటు వెనక భాగం కోసుకుపోయిందని ఒకప్పుడు పక్కింటి కుక్కను రాళ్లు పెట్టి తరిమాడు.

కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. తర్వాత తల ఎత్తకుండానే అడిగాడు.

"నీకెరుకేనా?"

"ఎరుకే అబ్బా."

"ఎప్పటి సంది?"

"పెండ్లయిన కొత్తల. గంగారం దిక్కు జాతరకు పోయొచ్చినంక చేసిండు."

"నాకెందుకు చెప్పలే వాడు?"

సమ్రీన్ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. ఇక దాచేదేముందని మొదలుపెట్టింది.

"ఆ జాతరల ఒకాయన వచ్చిండట. భార్య, చిన్న పిల్ల ఎంట ఉన్నరు. పిల్ల బొమ్మ కోసం ఏడుస్తున్నదని కొట్టుడు మొదలువెట్టిండట. ఒక్కటి తగుల్తలేదు. మళ్ల కొట్టిండు, మళ్ల కొట్టిండు. అందరు తుపాకిని తిడ్తరు కదా అబ్బా. ఆయన తిట్టలేదట. తుపాకి కింద పెట్టి కుడి చెయ్యి ఎత్తి చూసుకున్నడట. 'మోటరు కాడ కరెంటు కొట్టినప్పటి సంది ఈ చెయ్యి నా మాట ఇంటలేదు, పత్తి ఏరుడు కూడ అయితలేదు' అని భార్యకు చెప్పిండట. ఆ చెయ్యి మంచిగనే ఉన్నదని మీ కొడుక్కు ఎరుకే. చెప్పనీకె నోరు రాలేదట. ఇంటికొచ్చి ఆ పొద్దంత అన్నం తినలే. 'తుపాకిని తిడితే నవ్వి ఊకుంటుంటి, ఆయన తన చెయ్యిని తిట్టుకున్నడు సమ్రీన్' అన్నడు. తెల్లారి సైకిల్ సీటు కోసిండు."

"నాకు చెప్పొచ్చు కదా."

"చెప్తే మీరు పీకేస్తరని భయపడ్డడు. ఇంకొకటి..." ఆమె ఆగింది. "ఉస్తాద్ మీ వీపు తట్టిన ముచ్చట మీరు చెప్తరు కదా. 'ఆ పని తప్పని అబ్బా మొఖం మీద నేనెట్ల అనాలె' అన్నడు."

బాబామియా కుందాను చాప మీద బోర్లా పెట్టాడు. గెలుచుకున్నరబ్బా, అందుకే ఇచ్చిన. అది తలబిరుసు కాదు. దాచిన మాట కూడా కాదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. వినాల్సినవాడే వినలేదు.

అయినా ఆయన అంత తొందరగా ఒప్పుకునే మనిషి కాదు. "మరి ఇల్లెట్ల గడుస్తది?" అన్నాడు చివరికి. "అందరు కొట్టి బొమ్మలు వట్టుకపోతే మనమేం తినాలె?"

"ఇన్నేండ్లు ఎట్ల గడిచింది అబ్బా?" అన్నది సమ్రీన్. ఆమె గొంతులో ఎకసెక్కం లేదు. "అందరేం కొట్టరు. కొట్టినోడు బొమ్మ పట్టుకొని జాతరంత తిరుగుతడు. దాన్ని చూసి ఇంకో పదిమంది వస్తరు. తక్కువనే మిగులుతుండె, లేదని నేననను. అందుకే నేను మిషను నేర్చుకున్న."

ఇస్త్రీపెట్టె తీసుకుని ఆమె లోపలికి వెళ్లింది. ఆమె తోలు ఉంచమని అడగలేదు. తీయొద్దని బతిమాలనూ లేదు. అడిగి ఉంటే ఆయనకు కొంచెం సులువుగా ఉండేది.

రుద్దుడు పని మొదలుపెట్టాడు. ముందు ముతక గరుకు కాగితం, తర్వాత సన్నది. కర్ర చారల వెంబడే రుద్దాలి. అడ్డంగా రుద్దితే గీతలు పడి, నూనె పట్టించాక అవే ఎత్తి చూపిస్తాయి. తెల్లబడిన వార్నిషు పొడిగా రాలింది. గీరుడు లోతు తగ్గుతూ వచ్చింది. దాన్ని మొత్తం తీసేయాలంటే ఆ పక్క కర్ర బాగా పలచబడుతుంది, చెంప ఆనే చోటు పోతుంది. అందుకని చేతికి తగలనంత వరకే తీసి, మిగిలిన ముదురు చారను అలాగే వదిలేశాడు. తడిగుడ్డతో తుడిస్తే కర్ర మీద నూగు లేచింది. ఆరాక మళ్లీ రుద్దాడు. చేతులు పనిలో ఉన్నాయి కానీ మనసు జాతర్లన్నీ తిరుగుతోంది.

తనకెప్పుడూ ఎవరి చెయ్యి సంగతీ పట్టలేదు. జాతర అంటే ఆట, ఆట అంటే కొంచెం మాయ ఉంటుందని వచ్చేవాళ్లకూ తెలుసని అనుకునేవాడు. ఇప్పుడూ ఆ మాట పూర్తిగా అబద్ధమని ఆయనకు అనిపించలేదు. తుపాకిని తిట్టి నవ్వుకుంటూ పోయినవాళ్లు వందలమంది కళ్లముందు మెదిలారు. కానీ ఏమీ అనకుండా తుపాకి కింద పెట్టి పోయినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల ముఖాలు ఎంత ప్రయత్నించినా గుర్తుకు రాలేదు. వాళ్లను ఆయన చూడలేదు. అబ్రార్ చూశాడు.

నూనె పట్టించే పని ఓపికది. పాత బనీను పేలికను అవిసె నూనెలో ముంచి, బాగా పిండి, పలచగా పూయాలి. తర్వాత అరచేత్తో వేడి పుట్టేదాకా రుద్దాలి. కాసేపాగి మిగిలిన నూనెను పొడిగుడ్డతో తుడిచేయాలి. తుడవకపోతే జిగురుగా మారి దుమ్ము పడుతుంది. ఒక పూత ఆరాకే ఇంకోటి. మొదటి పూతను ఎండిన కర్ర ఆబగా తాగేసింది. రెండో పూతకు లోపలి ఎరుపు బయటపడింది. మూడోదానికి నల్లటి చారలు తేలాయి. ఇల్లంతా అవిసె నూనె వాసన. ఇరం ముక్కు మూసుకుని తిరిగింది.

ఆ శుక్రవారం మసీదులో ఆయన చేతులు ఎత్తాడు. గొడవ గుర్తుకు రాలేదు. కానీ దువా కూడా రాలేదు. ఏ ముఖం పెట్టుకుని అడగాలో తోచక ఊరికే అలా ఎత్తిన చేతులతో కూర్చుండిపోయాడు.

తిరిగి వచ్చాక భోజనానికి కూర్చోకుండా రేకుల కింద ఉన్న పాత సైకిలు ముందు నిలబడ్డాడు. సీటు మీద అబ్రార్ కోయగా మిగిలిన తోలు ఇంకా ఉంది. కత్తి నూరి, ఒక ముక్క కోసి, అంచులు చెక్కడం మొదలుపెట్టాడు. షహనాజ్ బేగం పళ్లెంతో వచ్చి చూసింది.

"అన్నం సల్లారుతుంది. ఇంకేం పని మిగిలింది దానికి?"

"ఓ మూల చినిగింది. బిగువు సరిపోతలేదు."

ఆమెకు సమ్రీన్ అంతా చెప్పే ఉంది. పళ్లెం గట్టు మీద పెట్టి, దాని మీద మూత పెట్టి, ఆయన పక్కనే కూర్చుంది. చినిగిన మూలను ఆయన విప్పాడు. కొత్త ముక్క పెట్టి చూశాడు, తీసి ఇంకొంచెం చెక్కాడు, మళ్లీ పెట్టాడు. జాగా తీయడం కన్నా పూడ్చడం కష్టమని అప్పుడే తెలిసింది. తీసేటప్పుడు కర్ర మాట వింటుంది. పూడ్చేటప్పుడు తోలు, కర్ర, ఇనుము మూడూ వినాలి. కొడుకు ఎవరి దగ్గరా నేర్చుకోకుండా ఇంత పని చేశాడు. సొల్యూషన్ పూసి, ముక్కను వేలితో నొక్కిపట్టి, అది అంటుకునేదాకా అలాగే కూర్చున్నాడు.

కురవిలో జాతర రోజు పొద్దున్నే దుకాణం లేచింది. గుడి వైపు నుంచి డప్పులు మోగుతున్నాయి. సమ్రీన్ నల్ల దుపట్టా తలకు బిగించి ముందు నిలబడింది. మొదట్లో గొంతు పెగల్లేదు. పక్క దుకాణం నుంచి యాకయ్య, "గట్ల గుసగుస వెడితే ఎవలొస్తరు బిడ్డా? ఊపిరి వట్టి ఒర్రు" అని తనే రెండు కేకలు వేసి పెట్టాడు. ఎండ ఎక్కేసరికి ఆమె గొంతు కూడా ఎక్కింది. బాబామియా వెనక కుర్చీలో కూర్చుని పగిలిన వాటి చోట కొత్త బెలూన్లు ఊది కట్టి ఇస్తున్నాడు. కొందరు కొట్టారు, చాలామంది కొట్టలేకపోయారు.

మధ్యాహ్నం ఒక తండా నుంచి బాల్‌సింగ్ అనే అతను భార్య మంగ్లీతో వచ్చాడు. వరసగా మూడు కొట్టాడు. మూడూ చెక్కలో దిగాయి.

"ఏ సాయబూ," అన్నాడు బాల్‌సింగ్, తుపాకిని తిప్పి చూస్తూ. "నీ తుపాకి వంకరున్నది."

"తుపాకి కాదు, నీ సూపు వంకర," అన్నది మంగ్లీ. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ఈ మాట బాబామియా బతుకంతా విన్నదే. విన్న ప్రతిసారీ ఒక నవ్వు నవ్వేవాడు, ఆ నవ్వు ఆయన పెదాలకు అలవాటు. ఈసారి అది రాలేదు. కోపం వచ్చింది. ఆ మాటకు కోపం తెచ్చుకునే హక్కు ఇన్నేళ్లలో ఆయనకెప్పుడూ లేదు. మోకాళ్లు పట్టుకుని లేచి ముందుకు వచ్చాడు.

"ఏ బుగ్గ కొట్టాల్నో సూపియ్యి."

బాల్‌సింగ్ తడబడ్డాడు. "ఊకనే అన్న బాబా..."

"ఊకనే అనకు. సూపియ్యి."

బాల్‌సింగ్ మూలన ఉన్న చిన్న పసుపుపచ్చ బెలూనును చూపించాడు. బాబామియా గొట్టం విరిచి ఛర్రా పెట్టి, కుందాను చెంపకు ఆనించుకున్నాడు. నూనె పట్టిన కర్ర నున్నగా, కొంచెం వెచ్చగా ఉంది. మీట నొక్కాడు. లోపల ఏదీ కదల్లేదు. బెలూను పగిలింది.

"సక్కగ ఉన్నది తుపాకి," అన్నాడు. "నా కొడుకు సక్కగ చేసిండు. నీ చెయ్యికి కూడ ఏం కాలే. ఊపిరి బిగవట్టి కొట్టు. మీట గుంజకు, మెల్లగ ఒత్తు."

డబ్బు తీసుకోకుండా ఇంకో ఛర్రా పెట్టి ఇచ్చాడు. బాల్‌సింగ్ ఈసారి నవ్వకుండా, చెప్పినట్టే ఊపిరి బిగబట్టాడు. ఎర్ర బెలూను పగిలింది. మంగ్లీ చప్పట్లు కొట్టింది. సమ్రీన్ స్టీలు గ్లాసు తీసి దుపట్టా అంచుతో తుడిచి ఆమె చేతికి ఇచ్చింది.

చెక్క మీద రెండు ఖాళీలు ఉన్నాయి. బాబామియా వెనక్కి వెళ్లి కుర్చీలో కూర్చుని ఒక బెలూను తీసి నోట్లో పెట్టుకున్నాడు. ఊపిరి అందలేదు. బెలూను కొంచెం ఉబ్బి మళ్లీ మెత్తబడింది. ఇంకోసారి ఊదబోయాడు. ఛాతీలోంచి గాలికి బదులు ఇంకేదో పైకి వచ్చింది. బెలూను నోట్లోంచి తీసి రెండు చేతుల్లో పట్టుకుని తల వంచుకున్నాడు. భుజాలు కదిలిపోయాయి.

యాకయ్య తన దుకాణం వదిలి రాబోయి, సమ్రీన్ చూపు చూసి ఆగిపోయాడు. ఆమె మామ చేతిలోంచి ఆ బెలూను తీసుకుంది. తనే ఊది, ముడి వేసి, చెక్కకు కట్టింది. ఇంకోటి తీసి ఊదింది. తుపాకి కోసం చేయి చాపి నిలబడ్డ తర్వాతి అతనితో, "జర ఆగన్నా" అన్నది.

వెనక కుర్చీలో బాబామియా మోకాళ్ల మీద అరచేతులు పైకి తిప్పి పెట్టుకున్నాడు. డప్పుల చప్పుడులో ఆయన పెదాల మీద ఆగకుండా కదిలిన దువా ఎవరికీ వినబడలేదు.